ఎర్రచుక్క పెట్టిన సీసా

1998లో చదువుకున్న తెలుగువాడు ఆస్ట్రేలియాలో దిగి నాకు కోబాల్ ప్రోగ్రామింగ్ రాదంటే ఎవరూ నమ్మేవారు కారు. పశువుల డాక్టర్లు నేర్చుకున్నారు. సంస్కృతం లెక్చరర్లు నేర్చుకున్నారు. మెల్‌బోర్న్ శివార్లలోని క్రాన్‌బర్న్‌లో భానుప్రసాద్ గారు తన గరాజ్‌లోంచి కారు బయటికి తీసి, పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు లోపలికి వేసి, నాలుగు నెలల్లో మనిషిని ప్రోగ్రామర్‌గా మార్చి పంపుతున్నారు. రెండువేల సంవత్సరం వచ్చిన క్షణాన కంప్యూటర్లన్నీ తికమకపడి 1900లోకి వెళ్ళిపోతాయన్న భయం లోకాన్ని పట్టుకుని ఉన్నంతకాలం ఆ గరాజ్‌కి వచ్చిన ఢోకా ఏమీ లేదు.

అక్టోబరు బ్యాచిలో ఇంకా ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని ఆబిదా కోసం ఆపి ఉంచారు.

ఆబిదాది బందరు. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, రెండేళ్ళు ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పి, గుంటూరు సాజిద్‌ని పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చింది. సాజిద్ ఓ బ్యాంకులో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేసే పనిలో ఉన్నాడు. మంచివాడే, మాట మెత్తన. కాకపోతే భార్య చదువు మీద అతనికి ఒకే ఒక్క అభిప్రాయం ఉంది: జువాలజీ ఈ దేశంలో చెల్లదు. వాళ్ళింట్లో సగం ఉర్దూ, సగం తెలుగు. పోట్లాట మాత్రం పూర్తిగా తెలుగులోనే జరిగేది, ఈ విషయం మీదే జరిగేది.

అలా ఒకసారి ఒళ్ళు మండి ఉన్నప్పుడే ఆబిదా పేపర్లో ప్రకటన చూసి, నగరంలో ఒక మ్యూజియంలో టైపింగ్ పనికి చేరింది. ఆర్నెల్ల కాంట్రాక్టు. మ్యూజియం కంప్యూటరుకీ ఆ రెండంకెల జబ్బే ఉండడంతో వాళ్ళు కొత్తది కొన్నారు. నేలమాళిగలో వేల సీసాల్లో స్పిరిట్‌లో నిలవ పెట్టిన చేపలున్నాయి. ఒక్కో సీసాకు ఒక్కో అట్ట కార్డు. ఆ కార్డులన్నీ కొత్త కంప్యూటర్లోకి ఎక్కించాలి. కార్డు చూడు, సీసా తియ్యి, చేపలు లెక్కపెట్టు, పొడవు కొలువు, స్పిరిట్ తగ్గితే పొయ్యి, టైపు చెయ్యి. ఇంతే పని. చేపపిల్లకు ఈత నేర్పాలా? రెండో వారానికల్లా ఆబిదా టైపింగ్ కంటే సీసాల మీదే ఎక్కువసేపు గడపసాగింది. సాజిద్ మాత్రం ఆమె ఇంట్లోకి రాగానే కిటికీలు తెరిచేవాడు.

ఆ నేలమాళిగకు అధికారి గ్వెన్ అనే ఆవిడ. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి జుట్టు, జేబుల్లో ఎప్పుడూ నాలుగు పెన్సిళ్ళు. ఆబిదాను ‘ఆబీ’ అని పిలిచేది. ఎంత చిన్న పేరునైనా ఇంకొంచెం కురచ చేస్తేగాని అక్కడివాళ్ళకు తోచదు. గ్వెన్ మొదటిరోజే రెండు నియమాలు చెప్పింది. చేపను పట్టకారుతో తప్ప ముట్టుకోకూడదు. ఏ చేపనూ కోయడం, చీల్చడం చేయకూడదు. తప్పదనుకుంటే ఫారం నింపి పైకి పంపాలి, అనుమతికి ఆరు వారాలు పడుతుంది.

మూడో నియమం కంప్యూటరు పెట్టింది. చేప ఏ కుటుంబానికి చెందిందో ఆ గడిలో రాయకపోతే అది ముందుకు కదిలేది కాదు. పాతవాళ్ళకు తెలియని చేపలుంటే కార్డు మీద గీత గీసి ఊరుకునేవారు. కంప్యూటరుకు గీత పనికిరాదు. అందుకని కుటుంబం తెలియని సీసాల మూతల మీద ఎర్రచుక్క పెట్టి చక్రాల బండి మీద చేర్చేవారు. సెప్టెంబరు చివరి శుక్రవారం ఆ బండి వెళ్ళిపోతుంది. వాటిల్లో మంచివి బడిపిల్లలు కోసి నేర్చుకోవడానికి పోతాయి, మిగిలినవి పారబోస్తారు.

ఆబిదా కాంట్రాక్టు కూడా ఆ శుక్రవారంతోనే సరి. “పొడిగిస్తారా?” అని ఆమె అడిగితే గ్వెన్ “చూద్దాం” అంది. ఇంట్లో సాజిద్ “శుక్రవారం దాకా చూడు. ఆ తర్వాత సోమవారం గరాజ్‌కి వెళ్ళు. భానన్నకి మాటిచ్చా” అన్నాడు. ఆబిదా సరేనంది. ఆ ‘చూద్దాం’ మీద ఎంత ఆశ పెట్టుకుందో అతనికి చెప్పలేదు. గరాజ్‌లో ఆ కుర్చీలో కూర్చుంటే మళ్ళీ ఈ జన్మలో ఎవరూ తనను చేప గురించి ఒక్క ప్రశ్న అడగరని ఆమెకు తెలుసు.

ఆ చివరి వారం సోమవారంనాడు ఆమె ఒక కార్డు టైపు చేస్తోంది. “పిల్ల చేపలు, గుర్తు తెలియనివి. 41. నైజర్ నది ఉపనది, ఆఫ్రికా. జనవరి 1956.” పంపింది ఎవరో మిషనరీ డాక్టరు. సీసా తీసింది. చిటికెన వేలిలో సగం పొడవున్న చేపలు, ఉడికిన గుడ్డు తెల్లసొనలా ఉన్నాయి. పొలుసు లేదు. నోరు తెరిచి భూతద్దంలో చూస్తే పన్ను లేదు. నిజంగానే గుడ్డులోంచి నిన్న బయటికొచ్చిన పిల్లల్లా ఉన్నాయి. కొలిచింది. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు, ముప్పై, ఇరవై తొమ్మిది.

ఈ అంకెలు ఎక్కడో చూశాననిపించింది. ఎమ్మెస్సీలో మార్కులు తెచ్చిపెట్టిన జ్ఞాపకశక్తి మరి, ఊరికే పోతుందా? బండి దగ్గరికి వెళ్ళి వెతికింది. ఎర్రచుక్క పెట్టిన సీసాల్లో అదే డాక్టరు పంపిన ఇంకొకటి దొరికింది. అదే ఉపనది. ఆగస్టు 1956. మూడు వారాల క్రితం తనే చుక్క పెట్టింది. అందులోవీ ఇరవై ఎనిమిది, ముప్పై, ఇరవై తొమ్మిది.

రెండు సీసాలూ పక్కపక్కన పెట్టుకుని ఆబిదా చాలాసేపు కూర్చుంది. జనవరిలో పిల్లలైతే ఆగస్టుకి ఎదగాలి కదా? ఏడు నెలల్లో గోదావరి పులస సముద్రం నుంచి వచ్చి పులుసై కూడా పోతుంది. ఇవేమిటి, వెంట్రుకవాసి కూడా పెరగలేదు?

మంగళవారం పొద్దున్నే గ్వెన్‌ని అడిగింది. గ్వెన్ కాఫీ తాగుతూ, “రెండు వేర్వేరు కాన్పులు, ఆబీ. జనవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. అంతే” అంది.

అది సబబైన జవాబే. ఆబిదాకు అదే నచ్చలేదు. జవాబు మరీ తేలిగ్గా దొరికితే ఆమెకు ఎప్పుడూ అనుమానమే, కూరగాయలవాడు అడగ్గానే తగ్గించి ఇచ్చినట్టు. మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కకి నెట్టి, ఆఫ్రికా చేపల మీద ఉన్న లావుపాటి పుస్తకం ఒకటి దించింది. నాలుగు వందల పేజీల తర్వాత క్నేరియిడే అనే చిన్న కుటుంబం కనిపించింది. ఆఫ్రికా మంచినీళ్ళలో తప్ప మరెక్కడా లేని చిన్న చేపలవి. వాటిలో ఒకటి రెండు రకాలు పెద్దయినా పిల్లల్లాగే ఉంటాయట. పొలుసులు రావు, ఒళ్ళు నిండదు, బతికున్నప్పుడు అవతలివైపు కనిపించేంత పలచన, స్పిరిట్‌లో వేస్తే తెల్లగా మసకబారతాయి. ఈ రకాలను ఏ గూట్లో పెట్టాలో తెలియక పండితులు కొట్టుకున్నారు. ఒకాయన వీటి వాలకం చూసి కుటుంబంలోంచి విడదీసి వేరు కాపురం పెట్టించాడు. ఇంకొకాయన లోపలి ఎముకలు చూసి, రూపం ఏదైనా రక్తం ఇదేనని మళ్ళీ ఉమ్మడి కుటుంబంలోకి తెచ్చాడు. తగువు ఇంకా తెగలేదు. మన ఇళ్ళల్లో తగువులు తెగాయా ఏం?

చివర ఒక వాక్యం చదివి ఆబిదా పైకే నవ్వింది. ఈ పిసరంత చేపలకు సముద్రంలో దగ్గరి బంధువు ఎవరయ్యా అంటే, పాలబొంత. బందరు మార్కెట్లో మూరెడు మూరెడు పొడవున తళతళలాడే పాలబొంత! ముళ్ళు ఎక్కువని అమ్మ విసుక్కుంటూనే కొనే పాలబొంత. దానికి వేలు విడిచిన చుట్టాలు ఆఫ్రికాలో చిటికెన వేలిలో సగం ఉన్నారన్నమాట.

ఇక ఆమెకు తెలియాల్సింది ఒక్కటే మిగిలింది. సీసాలోవి పిల్లలా, పెద్దలా? పెద్దవైతే కడుపులో గుడ్లుండాలి. గుడ్లున్న పిల్ల ఏ కుటుంబంలోనూ ఉండదు. కడుపులో చూడాలంటే కోయాలి. కోయాలంటే ఫారం, ఆరు వారాలు. బండికి ఉన్నది మూడు రోజులు.

ఫారం నింపాలా అని గ్వెన్‌ని అడిగితే, “నింపు. కానీ వాళ్ళు ఒప్పుకునేసరికి ఈ సీసా ఏ బడి బల్ల మీదో ఉంటుంది. నియమం నియమమే” అంది. కోపంగా అనలేదు. అక్కడ అందరూ నియమాలను అలాగే, వానను గురించి చెప్పినట్టు చెబుతారు.

బుధవారం మధ్యాహ్నం గ్వెన్ మీటింగుకు పైకి వెళ్ళింది. ఆబిదా జనవరి సీసాలోని చేపలను మళ్ళీ ఒకసారి లెక్కపెడుతోంది. తప్పుడు ఉద్దేశం ఏమీ లేదు, లెక్క సరిచూసుకోవడమే. ఒక చేప పట్టకారులోంచి జారి బల్ల అంచున పడబోయింది. ఆమె ఠక్కున ఎడమచేయి చాచి అరచేతిలో పట్టుకుంది.

బందరులో వాళ్ళింట్లో ఆదివారం అంటే చిత్తపరిగెలు. చిన్నాచితకా చేపలు గంపెడు వచ్చేవి. అమ్మ, ఆబిదా, ఇద్దరు చెల్లెళ్ళు పీటలు వేసుకుని కూర్చుని బూడిద వేసి రుద్దేవారు. తోముతూ కబుర్లు చెప్పుకుంటూ, ఒక్కో చేపనూ ఎడమ అరచేతిలో వెల్లకిలా తిప్పి, కుడి బొటనవేలి గోరుతో పొట్ట మీద ఒక్క నొక్కు నొక్కితే లోపలిదంతా బయటికి వచ్చేసేది. కత్తి అక్కర్లేదు. చూడక్కర్లేదు కూడా. జన, అంటే గుడ్లు ఉన్న చేప అయితే వేలికే తెలిసిపోయేది, దాన్ని విడిగా తీసి పెట్టేవారు. ఎనిమిదేళ్ళ వయసు నుంచి పెళ్ళి దాకా ఆ వేలు ఎన్ని వేల చేపల్ని నొక్కిందో ఎవరు చెప్పగలరు?

అరచేతిలో చేప పడింది. చేయి దాన్ని వెల్లకిలా తిప్పింది. బొటనవేలు నొక్కింది.

ఆబిదా చూసేసరికి పని అయిపోయింది. చేప పొట్ట నిలువునా చిట్లింది. గోరు పక్కన, ఆవగింజలో పదోవంతు కూడా లేని పసుప్పచ్చని గింజలు కుప్పగా ఉన్నాయి.

“జన!” అంది గట్టిగా, ఒక్కతే.

ముందు ఒళ్ళంతా పులకరించింది. ఈ చేప పిల్ల కాదు! నలభై రెండేళ్ళుగా పిల్ల, పిల్ల అని రాసుకుంటూ వచ్చిన ఈ చేప తల్లి కాబోతూ చచ్చిపోయింది. ఆ సంతోషం ఒక నిమిషం ఉందో లేదో, తను ఏం చేసిందో తెలిసొచ్చింది. చేత్తో ముట్టుకుంది. చీల్చింది. మ్యూజియం వస్తువును పాడుచేసింది. ఆర్నెల్లలో ఒక్క తప్పు లేకుండా పనిచేసి, చివరి వారంలో ఒకే చోట రెండు నియమాలూ తొక్కేసింది.

చేపను, గింజలను చిన్న గాజు గిన్నెలో స్పిరిట్ పోసి దాచింది. గ్వెన్ తిరిగి వచ్చి “ఎలా ఉంది పని?” అని అడిగితే “బాగుంది” అంది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే “లెక్క సరిపోయింది, నలభై ఒకటి” అని కూడా చేర్చింది.

సాయంత్రం టీ తాగుతూ సాజిద్‌కి అంతా చెప్పింది. అతను కప్పు కింద పెట్టి, “ఎవరైనా చూశారా?” అని అడిగాడు.

“లేదు.”

“మరింకేం? నలభై ఒకటిలో ఒకటి. సీసాలో పడేసి మూత పెట్టెయ్. వాళ్ళెలాగూ ఫ్రైడే పారేస్తారు కదా. నువ్వే వెళ్ళి చెప్పుకోవడం ఎందుకు? రెఫరెన్స్ పాడవుతుంది ఆబిదా, రేపు ఎక్కడైనా జాబ్‌కి వెళ్తే వీళ్ళకే కదా ఫోన్ చేస్తారు.”

“చెప్పకపోతే అందులో గుడ్లున్నాయని ఎలా చెప్పేది? నొక్కానని చెబితేనేగా గుడ్లు చూశానని చెప్పగలను.”

“గుడ్లుంటే ఏంటి, లేకపోతే ఏంటి? యా అల్లా, రెండించీల చేప కోసం…”

“ఇంచిన్నర కూడా లేదు” అంది ఆబిదా. “మీరు బ్యాంకులో ఏం చేస్తారు? డెబ్బై అని రాసున్న చోట పంతొమ్మిది వందల డెబ్బై అని రాస్తారు. తప్పు ఉండకూడదనేగా? ఇక్కడ పెద్దదాన్ని పట్టుకుని పిల్ల అని రాశారండీ. నేను కూడా అదే టైపు చేశాను. మూడు వారాల క్రితం నా చేత్తో నేనే చుక్క పెట్టాను.”

సాజిద్ కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “చెప్పాలనుకుంటే చెప్పు. కానీ ఆ తర్వాత ఏడవకు” అన్నాడు. అది అతని మెత్తని మాటల్లో అన్నిటికంటే మెత్తనిది.

గురువారం పొద్దున గ్వెన్ కోటు విప్పక ముందే ఆబిదా గాజు గిన్నె తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. బందరు, ఆదివారాలు, బూడిద, గోరు, అన్నీ. గ్వెన్ అంతా విని, గిన్నె తీసుకుని మైక్రోస్కోప్ కింద పెట్టి వంగింది. అయిదు నిమిషాల దాకా లేవలేదు.

“గుడ్లే” అంది చివరికి. “కానీ చేప కడుపులో ఉన్న గుడ్లన్నీ చేపవే కానక్కర్లేదు ఆబీ. లోపల బతికే పురుగుల గుడ్లు కూడా కావచ్చు. నువ్వు వీటిని చెదరగొట్టేశావు. ఎలా అమరి ఉన్నాయో చూడ్డానికి లేదు.”

పురుగులు! ఆ మాట తనకెందుకు తట్టలేదు? ఎమ్మెస్సీ చదివింది తనేనా?

గ్వెన్ జనవరి సీసా తెచ్చుకుని అందులో చేపలతోపాటు వేసి ఉన్న చీటీ కేసి చాలాసేపు చూసింది. “ఈ చేతిరాత నాది” అంది. “1971. నేను చేరిన సంవత్సరం. పాత చీటీలు చెరిగిపోతుంటే తిరిగి రాయమన్నారు. పాత చీటీలో ‘చిన్న చేపలు’ అని ఉంది. అప్పటి అధికారి, మా పెద్దాయన, సీసా వైపు ఒక చూపు విసిరి, పిల్లలు అని రాయి అన్నాడు. రాశాను. ఇరవై మూడేళ్ళదాన్ని, ఎదురు అడుగుతానా?” అని, సొరుగులోంచి ఒక ఫారం తీసి సంతకం చేసింది. “ఒకటి రెండు చేపల వరకు నాకు అధికారం ఉంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వాడలేదు. కూర్చో. నిన్న ఎలా చేశావో అలాగే చెయ్యి.”

ఆబిదా కూర్చుంది. గ్వెన్ పట్టకారుతో ఒక చేపను తీసి ఆమె అరచేతిలో పెట్టింది. ఏళ్ళ తరబడి ఆలోచన లేకుండా చేసిన పని ఆలోచిస్తూ చేయమంటే చేయి మొరాయించింది. గోరు ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు. బిస్మిల్లా అనుకుని నొక్కింది.

ఏమీ లేదు. సన్నటి తెల్లని పేగు ఒక్కటి వచ్చింది.

గ్వెన్ పెన్సిల్ తీసుకుని “2: ఖాళీ” అని రాసుకుంది. ఆ అంకె చూసి ఆబిదా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకొక్క చేప మిగిలింది. అదీ ఖాళీ అయితే శుక్రవారం బండి కదులుతుంది, సోమవారం గరాజ్. తన మాట పట్టుకుని ఒక పెద్దమనిషి తన అధికారాన్ని మొట్టమొదటిసారి వాడింది. ఆవిడ పరువు కూడా పోతుంది.

అప్పుడు ఆమెకు కోపం వచ్చింది, తన మీదే. మార్కెట్లో ఎవరైనా చేప ఇస్తే ఇచ్చిన చేపను తీసుకుంటారా?

“ఈసారి మీరు తీయొద్దు. నేను ఏరుకుంటాను” అంది.

చేపలన్నీ తెల్ల పళ్ళెంలోకి వంపి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. నేలమాళిగకు ఉన్నది ఒక్కటే కిటికీ, అదీ పైన రోడ్డు మీద నడిచేవాళ్ళ బూట్లు మాత్రం కనిపించేది. ఆ కాస్త వెలుతురులో పళ్ళెం ఇటూ అటూ వంచి చూసింది. జన ఉన్న పరిగె తోక వైపు సన్నబడే చోట కాస్త మొద్దుగా ఉంటుంది. వీపు మీద నుంచి చూస్తే తెలియదు, పక్క నుంచి చూడాలి. ముప్పై తొమ్మిదిలో పదకొండింటిని ఒక పక్కకు జరిపింది. మిగతావి మగవి కావచ్చు, గుడ్లు పెట్టేసినవి కావచ్చు. ఆ పదకొండులో ఒకదాన్ని వేలితో చూపించింది.

“ఇది. ఈసారి మీరు నొక్కండి.”

“నేనా?” గ్వెన్ వెనక్కి జరిగింది. “నేను బతికున్న చేపను కడగలేదు, చచ్చిన చేపను కడగలేదు. అసలు చేప తినను. వాసన పడదు నాకు.”

ఇరవై ఏడేళ్ళుగా చేపల మధ్య కాపురం చేస్తున్న మనిషి! ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని ఆబిదా నవ్వేసింది. గ్వెన్ కూడా నవ్వింది. ఆ నవ్వుతో ఇద్దరికీ కాస్త ఊపిరాడింది.

ఆబిదా గ్వెన్ చేతిలో చేపను పెట్టి, ఆవిడ బొటనవేలిని పట్టుకుని ఎక్కడ ఆనించాలో చూపించింది. “గట్టిగా కాదు. లోపల ఏదో అడ్డం తగులుతుంది, అక్కడ ఆగి పక్కకి జరపండి. చెదరదు.” గ్వెన్ ఊపిరి బిగబట్టి నొక్కింది. పొట్ట మెల్లగా విచ్చుకుంది. మైక్రోస్కోప్ కిందికి అలాగే, చేయి కదలకుండా తీసుకెళ్ళింది.

“రెండు సంచులు” అంది గ్వెన్ మారిన గొంతుతో. “పేగుకు అటొకటి, ఇటొకటి. వరసలు కట్టి ఉన్నాయి. నువ్వే చూడు.”

ఆబిదా చూసింది. పురుగు అంత శ్రద్ధగా ఎక్కడా పెట్టదు. పసుప్పచ్చని గింజలు సన్నని పొరలో, చిన్నవాటి వెంట పెద్దవి, పొందికగా ఉన్నాయి. చేప తన కడుపులో తాను పెంచుకున్న గుడ్లు. ఆమె కన్ను తీయలేకపోయింది. ఇంత చిన్న ఒంటిలో ఇంత సంసారం ఎలా పట్టిందా అనిపించింది.

కంప్యూటర్ ముందు గ్వెన్ కూర్చుని కుటుంబం గడిలో క్నేరియిడే అని కొట్టింది. కంప్యూటరు మారు మాట్లాడకుండా తీసుకుంది. ఆగస్టు సీసాకూ అదే కొట్టింది. తర్వాత వస్తువు పాడైనట్టు రిపోర్టు తీసి రాసింది. మూడు చేపలు. మొదటి రెండూ చీల్చినవారు: ఆబిదా. మూడవది: గ్వెన్.

“ఇది పైకి పంపాలి. దాయను” అంది. “నీ కాంట్రాక్టు మూడు నెలలు పొడిగించమని ఇవాళే అడుగుతాను. ఈ రిపోర్టు చూశాక వాళ్ళు కుదరదనొచ్చు. నీకు మాట ఇవ్వలేను ఆబీ.”

“తెలుసు” అంది ఆబిదా.

గ్వెన్ లేచి బండి దగ్గరికి వెళ్ళింది. ఎర్రచుక్కల సీసాల్లో ‘పిల్లలు’ అని రాసున్నవి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. పద్నాలుగు తేలాయి. “వీటిలో ఎన్నిటికి నేను చూడకుండా రాశానో నాకు గుర్తు లేదు” అంది. ఆ మాట అనడం ఆవిడకు కష్టంగానే ఉంది.

చివరగా దళసరి కాగితం ముక్క ఒకటి, నల్లసిరా కలం ఒకటి ఆబిదా ముందుకు జరిపింది. అచ్చువేసిన చీటీలు స్పిరిట్‌లో చెరిగిపోతాయి, చేత్తో రాసిన ఆ సిరా నిలుస్తుంది. సీసాలో చేపలతోపాటే చీటీ కూడా ఉంటుంది, వందేళ్ళయినా. ఆబిదా రాసింది: క్నేరియిడే. పెద్దవి. గుడ్లున్న ఆడవి చూడబడినవి. కింద ‘గుర్తించినవారు’ అన్న చోట ఆగింది. ఆర్నెల్లలో వందల చీటీల్లో ఆ మాట పక్కన ఎవరెవరి పేర్లో చదివింది. అందరూ డాక్టర్లు, ప్రొఫెసర్లు, చనిపోయిన మగవాళ్ళు.

“పూర్తి పేరు రాయి. చదువు కూడా” అంది గ్వెన్.

షేక్ ఆబిదా, ఎమ్మెస్సీ. పెళ్ళయి వచ్చాక ఆ మూడక్షరాలు పేరు పక్కన రాయడం ఇదే మొదలు. గ్వెన్ ఆ చీటీని పట్టకారుతో పట్టుకుని జనవరి సీసాలోకి దించింది. చేపల మధ్యకు అది నెమ్మదిగా మునిగి, పేరు ఉన్నవైపు బయటికి తిరిగి నిలబడింది.

ఆ సాయంత్రం పైనుంచి ఏ కబురూ రాలేదు. రేపు వస్తుందో, ఎల్లుండి వస్తుందో, ఏమని వస్తుందో గ్వెన్‌కీ తెలియదు. ఆబిదా స్టేషన్లో ఫోన్ బూత్ చూసి ఆగింది. ఇంటికి వెళ్ళాక సాజిద్ పక్కన కూర్చుని ఉంటే ఈ మాట బయటికి రాకపోవచ్చు. నాణెం వేసి భానుప్రసాద్ గారి నంబరు కలిపింది.

“చెల్లెమ్మా! మండే ఎర్లీగా వచ్చెయ్, ఫస్ట్ క్లాస్ మిస్ కాకూడదు. ఫ్రంట్ రో నీకే ఉంచాను.”

“అన్నయ్యా, ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. నేను రాను.”

“అదేంటి? మ్యూజియంలో పర్మనెంట్ చేశారా?”

“లేదన్నయ్యా.”

“ఎక్స్‌టెన్షన్ ఇచ్చారా మరి?”

“ఏమో, ఇంకా తెలీదు. ఇవ్వకపోవచ్చు కూడా.”

“మరి రానంటావేంటమ్మా? సాజిద్‌కి తెలుసా? ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు?”

క్రాన్‌బర్న్ రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. ఆబిదా రిసీవర్ను చెవికి ఇంకొంచెం దగ్గరగా నొక్కుకుంది.

“ఇంట్లో కూర్చోనన్నయ్యా. వాళ్ళు జీతం ఇచ్చినా ఇవ్వకపోయినా మండే పొద్దున అక్కడికే వెళ్తాను. పద్నాలుగు సీసాలున్నాయి, చూడాలి.”